అంగట్లో అన్నీ ఉన్నాయి, బెన్నూ నోట్లోనే శని

ఒక స్నానం సబ్బు ఎంత బరువుంటుంది? దాదాపు అంతే, 121.6 గ్రాములు. బెన్నూ అనే గ్రహశకలం మీదికి నాసా పంపిన ఒసైరిస్-రెక్స్ నౌక ఏడేళ్లు తిరిగి తెచ్చిన మట్టీ రాళ్లూ మొత్తం కలిపితే అంత. చూడ్డానికి నల్లటి బొగ్గుపొడి, మధ్యమధ్య చిన్న చిన్న పలుకులు. 2023 సెప్టెంబరు 24న ఆ డబ్బా అమెరికాలోని యూటా ఎడారిలో దిగింది. అది మొదలు వార్తలు ఆగలేదు. 2025 జనవరిలో అమైనో ఆమ్లాలు దొరికాయన్నారు, డీఎన్‌ఏ అక్షరాలు దొరికాయన్నారు. డిసెంబరు వచ్చేసరికి చక్కెరలు కూడా అన్నారు. హెడ్డింగులు చదివి ఊరుకునేవాళ్లకి బెన్నూ మీద ఎవరో కాపురం ఉన్నట్టే అనిపిస్తుంది.

ఎవరూ లేరు. జీవానికి కావాల్సిన సరుకులు, నీళ్లు, ఉప్పు, కాస్త వేడి ఇవన్నీ ఒకచోట చేరినా అక్కడ ఏమీ పుట్టిన జాడ లేదు. "జీవం మూలాలు దొరికాయి" అనే వార్త కన్నా ఈ పుట్టకపోవడమే పెద్ద వార్త అని నా అభిప్రాయం. అదెందుకో చెప్పేముందు ఒక సందేహం తీర్చుకోవాలి. ఉల్కలు వాటంతటవే మన నేల మీద వచ్చి పడుతుంటే, గుప్పెడు రాళ్ల కోసం అంత దూరం పోవడం దేనికి?

నేల మీద పడ్డ రాయిని నమ్మలేం

1864లో ఫ్రాన్స్‌లోని ఓర్గేయ్ అనే ఊరి దగ్గర ఒక ఉల్క పడింది. కార్బన్ ఎక్కువున్న నల్లటి మెత్తని రాయి. దాని ముక్క ఒకదాన్ని సీసాలో పెట్టి మూత బిగించి దాచారు. నూరేళ్ల తర్వాత, 1960లలో, తీసి చూస్తే రాతిలో మొక్క గింజలు కనబడ్డాయి. ఆకాశం నుంచి వచ్చిన గింజలు! ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే అవి యూరప్‌లో నీటి పట్టున పెరిగే ఒక మామూలు మొక్కవి. పక్కనే జిగురు, పైన అద్దిన బొగ్గుపొడి. ఉల్క పడ్డ కొత్తలోనే ఎవరో రాతిని తడిపి, గింజలు దూర్చి, పైపూత పూసి పెట్టారన్నమాట. ఎవరో, ఎందుకో ఇప్పటికీ తేలలేదు. అంత కష్టపడి చేసిన తమాషాని నూరేళ్లపాటు ఎవరూ గమనించకపోవడం పాపం ఆ చేసినవాడి దురదృష్టం.

కొంటెతనాన్ని ఎప్పటికైనా పట్టుకోవచ్చు. భూమిని పట్టుకోవడం కష్టం. ఇక్కడి గాలిలో, మట్టిలో, మన వేలిముద్రలో, చివరికి రాయిని కోసే కత్తి అంచు మీద కూడా జీవం అంటుకునే ఉంటుంది. జపాన్ పంపిన హయబుస-2 నౌక 2020 డిసెంబరులో ర్యుగు అనే గ్రహశకలం నుంచి 5.4 గ్రాముల మట్టి తెచ్చింది. ఎంతో జాగ్రత్తగా, గాలి తగలకుండా. అందులో ఒక రేణువు బ్రిటన్‌లోని ల్యాబ్‌కి చేరింది. దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే సన్నటి పోగుల్లాంటి సూక్ష్మజీవులు కనబడ్డాయి. లెక్కపెడితే 11. వారం పోయాక మళ్లీ చూస్తే 147. ఆ పెరిగిన తీరు అచ్చం మన భూమి మీది బ్యాక్టీరియాదే. గాలి తగిలిన ఆ కొద్దిపాటి సమయంలోనే ఎక్కి కూర్చుని, అంతరిక్షపు రాయిని తింటూ పిల్లల్ని పెట్టేశాయి. 2024లో ఆ శాస్త్రవేత్తలే ఈ సంగతి బయటపెట్టారు. తప్పు జరిగిందని ఒప్పుకోవడానికి కాదు, ఎంత తేలిగ్గా జరుగుతుందో చూపించడానికి.

అందుకే బెన్నూ మట్టి విషయంలో చాదస్తం అనిపించేంత జాగ్రత్త. నైట్రోజన్ వాయువు పారుతూ ఉండే గాజు పెట్టెలో డబ్బా ఉంటుంది. పక్కనుంచి లోపలికి చొచ్చుకుపోయిన రబ్బరు గ్లవ్స్‌లో చేతులు దూర్చి పని చేయాలి. హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌లో ఇలా డబ్బా విప్పుతుంటే 35 మరల్లో రెండు బిగుసుకుపోయాయి. మామూలుగా అయితే పెద్ద రెంచీ తెచ్చి నాలుగు పట్లు పడితే సరి. ఇక్కడ కుదరదు. గాజు పెట్టెలోకి ఏ పనిముట్టు పోవాలన్నా ముందుగా అనుమతి పొందిన లోహంతో చేసినదై ఉండాలి, ఇనుప రజను రాలకూడదు, ఇరుకులో పట్టాలి. చివరికి ఆ రెండు మరల కోసమే కొత్త పనిముట్లు తయారు చేసి, పరీక్షించి, 2024 జనవరి 10న ఊడదీశారు. డబ్బా భూమికి చేరి అప్పటికి మూడున్నర నెలలు.

అసలు మట్టి తీయడంలోనే పెద్ద హడావుడి జరిగింది. 2020 అక్టోబరు 20న నౌక చేయి చాచి బెన్నూని తాకింది. గట్టి నేల అనుకున్నది కాస్తా పిల్లలు దొర్లే ప్లాస్టిక్ బంతుల తొట్టిలా ఉంది. చేయి దాదాపు అర మీటరు లోపలికి దిగబడిపోయింది. ఇంజిన్లు మండించి వెనక్కి లేవకపోతే ఇంకా దిగేదే. పైకి వచ్చాక చూస్తే మట్టి మరీ ఎక్కువ పట్టి, రాళ్లు అడ్డుపడి మూత పడలేదు. తెచ్చుకున్న సరుకు అంతరిక్షంలోకి కారిపోతుంటే బరువు తూచే కార్యక్రమం మానేసి గబగబా డబ్బాలో పెట్టి బిగించేశారు. 60 గ్రాములు వస్తే చాలనుకున్న చోట రెట్టింపు రావడం అలా జరిగింది.

చవుడు తేలిన గ్రహశకలం

బెన్నూ ఒక బండరాయి కాదు, రాళ్ల గుట్ట. దాదాపు అర కిలోమీటరు వెడల్పు. అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన తల్లి గ్రహశకలం ఒకటి ఎప్పుడో ఢీకొట్టుకుని బద్దలైతే, ఆ తునకల్లో కొన్ని మళ్లీ పోగుపడి ఇలా తయారైంది. మనం చదువుతున్నది నిజానికి ఆ తల్లి కథ.

ఆ కథలో మొదటి ఆధారం ఉప్పు. చెరువు ఎండిపోయేటప్పుడు గట్టు పొడవునా తెల్లగా చవుడు తేలుతుంది కదా. నీళ్లు తగ్గేకొద్దీ తక్కువ కరిగే లవణం ముందు గడ్డకడుతుంది, ఎక్కువ కరిగేది చివరిదాకా నీళ్లలోనే ఉండి ఆఖర్న తేలుతుంది. ఆ వరస చూసి నీళ్లు ఎలా ఎండాయో చెప్పొచ్చు. బెన్నూ రేణువుల్లో సరిగ్గా అలాంటి వరసే దొరికింది. 11 రకాల ఖనిజాలు. కార్బనేట్లు, ఫాస్ఫేట్లు, సోడియం కార్బనేట్ రకాలు, చివర్లో మనం వాడే మామూలు ఉప్పు. అంటే సుమారు 450 కోట్ల ఏళ్ల కిందట ఆ తల్లి శకలం లోపల ఉప్పునీటి మడుగులు ఉండేవి. అవి మెల్లగా ఇంకిపోయాయి.

ఇలాంటి లవణాలు ఇంతకుముందు ఉల్కల్లో ఇంత నిండుగా కనబడకపోవడానికి కారణం మళ్లీ భూమే. ఇక్కడి గాలిలో తేమకు అవి కరిగి, రూపం మారిపోతాయి. ఓర్గేయ్ లాంటి ఉల్క మ్యూజియం అరలో కూర్చునే తన ఆధారాలు తనే చెరిపేసుకుంటూ ఉంటుంది. నైట్రోజన్ పెట్టె చాదస్తం ఇక్కడ పనికొచ్చింది.

ఇక మంచు గడ్డ లాంటి చోట నీళ్లు ఎలా వచ్చాయంటారా? సౌరకుటుంబం కొత్తలో రాళ్లలో అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక పదార్థం ఉండేది. దాని వేడికి లోపలి మంచు కరిగింది. ఆ మంచులో అమ్మోనియా కూడా బాగా ఉంది. అమ్మోనియా చాలా చల్లటి చోట తప్ప మంచుగా నిలవదు కాబట్టి, ఆ తల్లి శకలం పుట్టింది సూర్యుడికి దూరంగా, చలి ప్రాంతంలో అని లెక్క. అమ్మోనియా, ఫార్మాల్డిహైడ్, క్షార గుణమున్న ఉప్పునీళ్లు ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో కెమిస్టులకి ఎప్పటినుంచో తెలుసు. ఫార్మాల్డిహైడ్ క్షారంలో చక్కెరలుగా మారడం 1861 నాటి ప్రయోగంలోనే చూశారు. 1953లో స్టాన్లీ మిల్లర్ చికాగోలో గాజు బుడ్డీల్లో వాయువులు నింపి, కరెంటు మెరుపులు పుట్టించి అమైనో ఆమ్లాలు తయారు చేసి చూపించాడు. మిల్లర్ బుడ్డీలో అయింది రాతి కడుపులోనూ అయింది. అందులో మాయ లేదు.

పూసల లెక్క

ప్రొటీన్ అంటే పూసల దండ అనుకోండి. పూసలు అమైనో ఆమ్లాలు. మన శరీరమైనా, చెట్టయినా, బూజయినా వాడే పూసలు ప్రధానంగా 20 రకాలే. బెన్నూలో వాటిలో 14 దొరికాయి. జీవులు తమ వారసత్వ సమాచారం రాసుకునే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ అణువుల్లోని అయిదు అక్షరాలూ దొరికాయి: అడెనిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్, యురాసిల్. 2025 డిసెంబరులో జపాన్‌లోని తొహోకు యూనివర్సిటీ నేతృత్వంలోని బృందం ఆర్‌ఎన్‌ఏకి వెన్నెముకలాంటి రైబోస్ అనే చక్కెరను, దానితోపాటు గ్లూకోజ్‌నూ పట్టుకుంది. రైబోస్ అంతకుముందు ఉల్కల్లో కనబడిందే. గ్లూకోజ్ మాత్రం భూమికి అవతలి నమూనాలో దొరకడం అదే మొదటిసారి. డీఎన్‌ఏకి కావాల్సిన డీఆక్సీరైబోస్ కనబడలేదు. డీఎన్‌ఏ కన్నా ముందు ఆర్‌ఎన్‌ఏతోనే జీవం నడిచి ఉంటుందనే వాదానికి ఇది కొంచెం బలం. కొంచెమే. ఒక రాయిలో ఒకటి దొరక్కపోవడం మీద పెద్ద మేడ కట్టలేం.

ఇక్కడ వార్తల్లో సాధారణంగా వదిలేసే అంకె ఒకటుంది. బెన్నూలో దొరికిన అమైనో ఆమ్లాలు 14 కాదు, 33. మిగతా 19 మన ప్రొటీన్లకి అక్కర్లేనివి. ఇంకా వెనక్కి వెళ్తే నైట్రోజన్ ఉన్న రసాయనాలే దాదాపు 10,000 రకాలు. అంటే అక్కడి కెమిస్ట్రీ జీవానికి కావాల్సినవి ఏరి చేయలేదు. ఏది కుదిరితే అది, కుదిరినన్ని రకాలుగా చేసి పారేసింది. ఆ రాశిలో మనకి కావాల్సినవి కూడా ఉన్నాయి, అంతే. జీవం పని సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. 20 పూసలు చాలు, అయిదు అక్షరాలు చాలు, మిగతాది వద్దు అంటుంది.

ఆ పంతం ఎంత గట్టిదో తెలియాలంటే చేతి వాటం దగ్గరికి రావాలి.

ఎడమచేతి వాటం

రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి చూడండి. వేళ్లు అవే, పొడవులు అవే, అద్దంలో బొమ్మల్లా సరిపోతాయి. కానీ ఒకదాని మీద ఒకటి అదే వైపు తిప్పి పెడితే సరిపోవు. కుడి చేతి గ్లవ్ ఎడమ చేతికి ఎక్కదు. చాలా అణువులకి కూడా ఇలాంటి కుడి ఎడమలు ఉంటాయి. బరువు ఒకటే, మరిగే ఉష్ణోగ్రత ఒకటే. ఇంకో 'చెయ్యి' తగిలినప్పుడే తేడా తెలుస్తుంది. కార్వోన్ అనే పదార్థం ఒక వాటంలో పుదీనా వాసన వేస్తుంది, రెండో వాటంలో షాజీరా వాసన. మన ముక్కులోని గ్రాహకాలకి కూడా వాటం ఉంది కాబట్టి.

దీన్ని మొదట కళ్లతో చూసినవాడు లూయీ పాశ్చర్. 1848లో, ద్రాక్ష సారాకి సంబంధించిన ఒక లవణం స్ఫటికాలను భూతద్దం కింద పెట్టి, ఒక మూల ఇటు వాలినవీ అటు వాలినవీ అని ట్వీజర్‌తో ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలు పోశాడు. ఒక కుప్ప కరిగించిన నీళ్లు కాంతిని ఒక పక్కకి తిప్పాయి, రెండోవి అవతలి పక్కకి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు అణువుల్ని ఏరాడన్నమాట. నాకు సైన్సు చరిత్రలో బాగా ఇష్టమైన దృశ్యాల్లో ఇదొకటి.

ల్యాబులో అమైనో ఆమ్లాలు చేస్తే కుడివీ ఎడమవీ సగం సగం వస్తాయి. కెమిస్ట్రీకి వాటం పట్టదు. జీవుల ప్రొటీన్లలో మాత్రం వాటమున్న పూసలన్నీ ఎడమవే. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల్లోని చక్కెరలన్నీ కుడివే. ఎందుకు? మొదట ఎటో ఒక పక్కకి మొగ్గు పడి ఉండాలి. ఆ మొగ్గు ఎక్కడిది?

చాలాకాలంగా ఒక జవాబు ఊరిస్తూ ఉంది: ఆకాశం నుంచే వచ్చింది. 1969 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో ఐసోవాలీన్ అనే అమైనో ఆమ్లం ఎడమ వాటంలో ఎక్కువుంది, 18 శాతం దాకా. మన ప్రొటీన్లలో ఐసోవాలీన్ ఉండదు కాబట్టి ఇది భూమి మీద అంటుకున్న మురికి అనడానికి వీల్లేదు. నక్షత్రాలు పుట్టే చోట మెలితిరిగిన కాంతి ఒక వాటపు అణువుల్ని కొంచెం ఎక్కువ నాశనం చేసి ఉంటుందని, ఆ చిన్న తేడాని గ్రహశకలం లోపలి నీళ్లు పెంచి ఉంటాయని, అలా ఎడమకి వాలిన సరుకు ఉల్కలతో భూమికి చేరిందని కథ అల్లుకున్నారు. అందమైన కథ. నీళ్లు ఎక్కువ తగిలిన రాయి అయితే ఎడమ మొగ్గు ఇంకా ఎక్కువ ఉండాలి.

బెన్నూ అలాంటి రాయే. నీళ్లలో నాని, ఉప్పు తేలిన రాయి. కొలిస్తే ఐసోవాలీన్‌తో సహా కుడీ ఎడమా దాదాపు సమానంగా ఉన్నాయి. మొగ్గు లేదు.

రెండు దశాబ్దాలుగా ఆ మొగ్గు వెంట పడినవాళ్లకి ఇది చేదు కబురు. కానీ ఇదే అంకె ఇంకో పని చేస్తోంది చూడండి. భూమి మీది జీవం అంటుకుని ఉంటే ఎడమవి కుప్పలుగా కనబడాలి. సమానంగా ఉన్నాయంటే మట్టి శుభ్రంగా ఉందన్నమాట. నమూనా నమ్మదగినదే అని చెప్పే సాక్ష్యమూ, మన పాత ఊహని దెబ్బ కొట్టే సాక్ష్యమూ ఒకటే. అంత జాగ్రత్తగా తెచ్చుకున్నందుకు 'ఏదో పొరపాటు జరిగి ఉంటుందిలే' అని తప్పించుకోవడానికి కూడా లేకుండా పోయింది.

మర్చిసన్ కొలతలు తప్పని దీని అర్థం కాదు. ఉల్కకీ ఉల్కకీ పుట్టుక వేరు, కొన్నింటిలో మొగ్గు ఉండొచ్చు, కొన్నింటిలో లేకపోవచ్చు. ఎడమ వాటం ఆకాశం నుంచి రెడీమేడ్‌గా దిగింది అనడానికి మాత్రం ఇప్పుడు ధైర్యం చాలదు. బహుశా అది భూమి మీదే, మొదటి జీవులకి దగ్గర్లోనే ఎక్కడో తేలిన వ్యవహారం. తేలిన విధం కూడా నాణెం ఎగరేసినట్టేనేమో. ఎటు పడినా నడిచేది, ఎడమ పడింది. ఒకసారి పడ్డాక మాత్రం తిరుగులేదు. ఆ వాటం ఎంత లోతైనదంటే, దానికి అద్దంలో బొమ్మలాంటి బ్యాక్టీరియాని ల్యాబులో తయారు చేస్తే మన రోగనిరోధక శక్తి దాన్ని సరిగ్గా గుర్తుపట్టలేదని, ఆ పని జోలికి పోవద్దని 2024 డిసెంబరులో 38 మంది శాస్త్రవేత్తలు హెచ్చరించారు.

మరి ఎందుకు పుట్టలేదు?

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అంటారే, అదీ బెన్నూ పరిస్థితి. పూసలున్నాయి, దండ లేదు. పూస పక్కన పూస అతకాలంటే ప్రతి అతుకు దగ్గరా ఒక నీటి అణువు బయటికి పోవాలి. చుట్టూ నీళ్లే ఉన్నచోట అది కష్టం. మడుగు ఎండితే అతుకు పడొచ్చు, కానీ మళ్లీ తడవకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. ఎండటం, తడవటం పదే పదే జరగాలని కొందరంటారు. బెన్నూ తల్లికి ఆ అవకాశం ఎక్కువ లేదు. చిన్న ఒళ్లు, త్వరగా వేడి పోయింది. అల్యూమినియం-26 సగానికి తరగడానికి ఏడు లక్షల ఏళ్లు చాలు. ఆ పొయ్యి ఆరిపోయాక మిగిలిన నీళ్లు గడ్డకట్టాయి.

అయితే ఎంత ముందుకెళ్లి ఆగిందో ఎవరికీ సరిగ్గా అంచనా లేదు. అదే మట్టిలో నైట్రోజన్, ఆక్సిజన్ దండిగా ఉన్న ఒక జిగురు పదార్థం కూడా కనబడింది. ఒకప్పుడు మెత్తగా సాగుతూ ఉండి ఇప్పుడు గట్టిపడింది. చిన్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవు గొలుసులయ్యాయి, మంచు కరగకముందే. గొలుసంటే గొలుసే, కానీ అర్థం లేని గొలుసు. అక్షరాలు కలిశాయి, మాట కాలేదు.

ఇంకా వెచ్చగా ఉన్న మడుగులు వేరే చోట ఉన్నాయి. గ్రహశకలాల మధ్య తిరిగే మరుగుజ్జు గ్రహం సెరెస్ మీద తెల్లగా మెరిసే మచ్చల్లో ఉన్నది ఇదే సోడియం కార్బనేట్. శని చుట్టూ తిరిగే ఎన్సెలాడస్ మంచు పెంకు పగుళ్ల నుంచి ఉప్పునీళ్లు ఇప్పటికీ చిమ్ముతున్నాయి. ఆ తుంపర్లలో ఫాస్ఫేట్ ఉందని, కసీని నౌక పంపిన పాత డేటా తవ్వి 2023లో చెప్పారు. బెన్నూ తల్లి దగ్గర ఆరిపోయిన పొయ్యి అక్కడ ఇంకా ఆరలేదు. కూర ఉడికిందో లేదో చూడాలంటే అక్కడికే పోవాలి.

బెన్నూ మాత్రం తన దారిన తను తిరుగుతోంది. 2182 సెప్టెంబరు 24న అది భూమిని గుద్దుకోవడానికి 2,700లో ఒక వంతు అవకాశం ఉంది. డబ్బా దిగిన తేదీ, ఈ తేదీ ఒకటే కావడం చూసి కంగారు పడక్కర్లేదు.

తెచ్చిన 121.6 గ్రాముల్లో కనీసం 70 శాతం ఇప్పుడు ముట్టుకోరు. ఇంకా పుట్టని శాస్త్రవేత్తల కోసం, ఇంకా తయారు కాని పరికరాల కోసం దాచి ఉంచుతారు. ఇది ఉత్త మాట కాదు. 1972 డిసెంబరులో అపోలో-17 వ్యోమగాములు చంద్రుడి మీద గొట్టంలో నింపి సీలు వేసిన మట్టిని 2022లో, యాభై ఏళ్లకి, తెరిచారు.